‘బెంగ పెట్టుకోకు’ అనే ముందు

2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు గుట్ట మీద ఉన్న మా బడి వరద శిబిరం అయింది. ఆ నెల 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అక్కడ 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంత నీరు మళ్లీ ఇప్పుడే చూశామని పెద్దలు అన్నారు. శబరి వచ్చి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీటికి దారి దొరకదు. వెనక్కి తన్నుకొచ్చి ఊళ్ల మీద పడుతుంది. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక మండలాల్లో జనం గింజలు, గిన్నెలు, కోళ్లు పట్టుకుని గుట్టలెక్కారు. కొందరు టార్పాలిన్ల కింద ఉన్నారు, కొందరు మాలాంటి బడుల్లో ఉన్నారు.

మా శిబిరంలో ఎనిమిదో నెల గర్భిణి ఒకామె ఉంది. తొలిచూలు. నాకు చెల్లెలి వరస. రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినలేదు. వరండా స్తంభానికి ఆనుకుని నీళ్లకేసి చూస్తూ కూర్చునేది. నేను వెళ్లి భుజం మీద చెయ్యేసి, “బెంగ పెట్టుకోకు చెల్లీ, లోపల బిడ్డకి మంచిది కాదు” అన్నాను. అందరూ అనే మాటే. మా అమ్మ నాతో అన్న మాటే.

ఆమె నా వైపు తిరిగి, “నేనేమన్నా కావాలని పెట్టుకున్నానా అక్కా? ఇప్పుడు నా బెంగ వల్లనే బిడ్డకి ఏమన్నా అవుతుందేమో అని ఇంకో బెంగ” అంది.

నేను ధైర్యం చెప్పాననుకున్నాను. ఆమెకు ఇంకో బరువు ఎత్తి పెట్టాను. ఆ రోజు నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. కష్టకాలంలో గర్భిణి మనసు నిమ్మళంగా ఉండాలని అందరం కోరుకుంటాం. ఆ నిమ్మళం ఎవరు సంపాదించి పెట్టాలి? ఆమేనా, చుట్టూ ఉన్న మనమా? పైకి ఇది డాక్టర్లకు వదిలేయవలసిన ప్రశ్నలా ఉంటుంది. నాకు మాత్రం ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న అనిపిస్తుంది. అందుకే టీచర్ల ముందు, మన పిల్లల ముందు పెడుతున్నాను.

ముందు మాటల సంగతి చూద్దాం. మనసు బాధకు తెలుగులో చాలా మాటలు ఉన్నాయి. బెంగ అంటే దగ్గర లేని మనిషి కోసం, వదిలి వచ్చిన ఇంటి కోసం మనసు లాగడం. దిగులు అంటే ఏ పని మీదా మనసు పోకుండా కుంగిపోవడం. గుబులు అంటే రాబోయేదాన్ని తలుచుకుని గుండె దడదడలాడడం. మనాది అంటే చాలాకాలం లోపలే ఉండి మనిషిని తినేసే బాధ. ఈ మాటలు పుట్టించినవాళ్లు మనస్తత్వ శాస్త్రం చదివి ఉండరు. అయినా ఒకదాన్నుంచి ఒకదాన్ని విడదీసి చూశారు. మనం మాత్రం నాలుగింటికీ ఒకటే మందు పోస్తాం: “ధైర్యంగా ఉండు.”

ఆ రోజు కాసేపు ఆగి నేను ఆమె పక్కన కూర్చున్నాను. “సరే, దేనికి భయమో చెప్పు” అని అడిగాను. వేళ్లు మడుస్తూ చెప్పింది. నొప్పులు రాత్రిపూట మొదలైతే పడవ ఉంటుందా? చట్టి దగ్గర రోడ్డు మునిగి ఉంటే 108 ఎంతవరకు వస్తుంది? పరీక్షలు రాసిన కార్డు ఇంట్లో పెట్టెలో ఉండిపోయింది, అది లేకపోతే నా రక్తం సంగతి ఆసుపత్రిలో ఎవరికి తెలుస్తుంది? అమ్మ ఇంకో శిబిరంలో ఉంది, ఎట్లా ఉందో తెలీదు. దాచిన ధాన్యం తడిసిపోతే బాలింతగా ఉన్నప్పుడు ఏం తినాలి? చివరిది గొంతు తగ్గించి చెప్పింది. రాత్రి మరుగుదొడ్డికి వెళ్లే దారిలో దీపం లేదు. అందుకని సాయంత్రం నుంచి మంచినీళ్లు తాగడం మానేసింది.

ఆరు లెక్కలు. ఒక్కటీ ఊహ కాదు. వరద వస్తుందంటే అధికారులు సమావేశం పెట్టుకుని వేసేవి కూడా దాదాపు ఈ లెక్కలే: పడవలు, రోడ్లు, అంబులెన్సులు, బియ్యం, దీపాలు. అధికారి వేస్తే దాన్ని ముందుచూపు అంటాం. గర్భిణి వేస్తే బెంగ అంటాం.

దీపం సంగతి గంటలో తేలిపోయింది. స్టాఫ్ రూములో ఉన్న ఛార్జింగ్ లైటు తెచ్చి మరుగుదొడ్డి దారిలో కట్టాం. ఆశా దగ్గర రిజిస్టరులో ఆమె రక్తం, బీపీ వివరాలు ఉన్నాయి. వాటిని ఒక కాగితం మీద రాసి పాలిథిన్ కవర్లో పెట్టి చేతికిచ్చాం. మర్నాడు సరుకులు తెచ్చిన పడవలో వాళ్లమ్మను తీసుకొచ్చారు. ఆ రాత్రి ఆమె అన్నం తింది. గుబులు మొత్తం పోలేదు. పడవ గుబులు, ధాన్యం గుబులు అట్లాగే ఉన్నాయి. కానీ ఆరులో మూడు తగ్గాయి. నేను చెప్పిన ధైర్యం చేయని పని ఒక లైటు, ఒక కాగితం, ఒక తల్లి చేశాయి.

“బిడ్డకి మంచిది కాదు” అన్న మాట అబద్ధమా అని అడగొచ్చు. పూర్తిగా అబద్ధం కాదు. గర్భం మోసేటప్పుడు తల్లి మీద పడిన పెద్ద కష్టం బిడ్డ మీద కూడా కొంత ప్రభావం చూపగలదని పరిశోధకులు చెబుతున్నారు. కానీ వాళ్లు ఏం చూశారో సరిగ్గా తెలుసుకోవాలి. 1998 జనవరిలో కెనడాలోని క్యూబెక్ ప్రాంతంలో పెద్ద మంచు తుఫాను వచ్చింది. లక్షల మంది కరెంటు లేకుండా ఎముకలు కొరికే చలిలో ఉండిపోయారు. కొందరికి ఐదారు వారాల దాకా కరెంటు రాలేదు. ఆ సమయంలో గర్భంతో ఉన్న తల్లులను, వాళ్లకు పుట్టిన పిల్లలను సుజాన్ కింగ్ అనే శాస్త్రవేత్త బృందం ఏళ్ల తరబడి గమనించింది. వాళ్లు తల్లి పడిన కష్టాన్ని విడిగా, ఆమె మనసులో పడిన బాధను విడిగా కొలిచారు. పిల్లలకు ఐదున్నరేళ్లు వచ్చాక చూస్తే, బాగా ఎక్కువ కష్టపడిన తల్లుల పిల్లలు మాటల నేర్పులోనూ తెలివి పరీక్షల్లోనూ సగటున కొంత వెనకబడి కనిపించారు. ఆ తేడా తల్లి ఎంత బాధపడిందన్న దాన్ని బట్టి కాక, కష్టం నిజంగా ఎంత పెద్దది, ఎంతకాలం ఉంది అన్న దాన్ని బట్టి వచ్చింది.

ఇది ఒక చోటి పరిశోధన. సగటుల లెక్క. ఏ ఒక్క బిడ్డ నుదుటి రాతా ఇందులో ఉండదు. తల్లి ఒంట్లో పుట్టే ఒత్తిడి హార్మోను చాలావరకు బిడ్డను చేరకుండా అడ్డుకునే ఏర్పాటు మాయలోనే ఉంది. ఒక రోజు ఏడ్చినందుకు, ఒక రాత్రి నిద్ర పట్టనందుకు బిడ్డకు ఏదో అయిపోతుందని ఏ తల్లీ భయపడక్కర్లేదు. కానీ ఆ పరిశోధన నుంచి మనం తీసుకోవలసిన నీతి ఒకటుంది. బిడ్డ మీద నిజంగా ప్రేమ ఉంటే కష్టం రోజుల్ని తగ్గించే పని చూడాలి. చీకటి రోజులు, ఆకలి రోజులు, రోడ్డు లేని రోజులు తగ్గించడం తల్లి చేతిలో ఉండదు. అది ఊరి చేతిలో, ప్రభుత్వం చేతిలో ఉంటుంది.

గర్భంలో ఉన్న బిడ్డ అన్నీ వింటాడని చెప్పడానికి బడుల్లో ప్రహ్లాదుడి కథ చెబుతాం. నారదుడు చెబుతుంటే లీలావతి కడుపులోంచి విన్నాడని పిల్లలు ముచ్చటగా వింటారు. ఆ కథలో ముందు జరిగిన దాన్ని మనం త్వరగా దాటేస్తాం. భర్త తపస్సుకు పోయాడు. శత్రువులు పట్టణం మీద పడ్డారు. నిండు గర్భిణిని ఇంద్రుడు ఈడ్చుకుపోతున్నాడు. నారదుడు అడ్డుపడి విడిపించి, భర్త తిరిగి వచ్చేదాకా తన ఆశ్రమంలో ఉంచుకున్నాడు. మంచి మాటలు ఆ తర్వాత చెప్పాడు. దారి మధ్యలో ఆమెను చూసి “అమ్మా, బెంగ పెట్టుకోకు, లోపల బిడ్డ వింటున్నాడు” అని చెప్పి తన దారిన తాను పోయి ఉంటే ఆ కథే లేదు.

ఇక్కడ మనవాళ్లే ఒక మాట అంటారు. “మన ఆడవాళ్లు గట్టివాళ్లు. పోడులో కలుపు తీస్తూ తీస్తూ కనేసి, బిడ్డను చంకనేసుకుని ఇంటికొచ్చిన వాళ్లున్నారు. ఈ బెంగలు, డిప్రెషన్లు పట్నం వాళ్ల జబ్బులు.” ఈ మాటలో గర్వం ఉంది. మనల్ని తక్కువగా చూసేవాళ్ల ముందు అది అవసరమే అనిపిస్తుంది. కానీ దాని రెండో అంచు చూడండి. బయటివాళ్లు కూడా మన గురించి ఇదే అంటారు: “గిరిజనులు కదా, తట్టుకుంటారు.” తట్టుకుంటారు కాబట్టి రోడ్డు వచ్చే ఏడాది వేయొచ్చు. తట్టుకుంటారు కాబట్టి డోలీ కట్టి మోసుకురావచ్చు. గట్టిదనాన్ని మెచ్చుకుంటూనే ఆమెకు ఇవ్వాల్సినది ఎగ్గొట్టొచ్చు. పోడులో కని ఇంటికి వచ్చిన వాళ్ల కథలు మనకు తెలుసు, ఎందుకంటే వాళ్లు వచ్చారు. రానివాళ్ల కథ చెప్పడానికి ఎవరూ మిగల్లేదు.

మా మేనత్త ఒకసారి చెప్పింది. 1986 వరదలో ఆమె కడుపుతో ఉంది. గుట్ట మీద తొమ్మిది రోజులు ఉన్నారట. “భయం వేయలేదా అత్తా?” అంటే, “భయపడడానికి తీరిక ఎక్కడిదే” అంది. కాసేపాగి, “ఆ తర్వాత రెండేళ్లు వాన చప్పుడు వింటే నిద్ర పట్టేది కాదు, ఎవరితో చెప్పుకోను” అంది. గట్టిదనమూ నిజమే. ఆ రెండేళ్లూ నిజమే. మొదటి మాట ఊరంతా విన్నది. రెండో మాట వినడానికి ముప్ఫై ఏళ్లకు పైగా పట్టింది.

ఇంకో చిక్కు ప్రశ్న. వరద హెచ్చరిక రాగానే నెలలు నిండిన వాళ్లను ముందే ఆసుపత్రి ఉన్న చోటికి తరలిస్తారు. మన వైపు చింతూరుకో, రంపచోడవరానికో, భద్రాచలానికో పంపుతారు. దిగువన ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటి మూడో హెచ్చరిక పడితే కోనసీమ లంక ఊళ్లలోనూ ఇదే పరిస్థితి. గర్భిణులను పడవల్లో గట్టుకు చేర్చాలి. ఇది మంచి పని. ప్రాణాలు నిలుస్తాయి. అయినా కొందరు రామంటారు. అప్పుడేం చేయాలి? బలవంతంగా ఎక్కించాలా? “ఆమె ఇష్టం” అని వదిలేయాలా?

రానన్న వాళ్లను “తెలివిలేక” అనడం తేలిక. అడిగి చూస్తే కారణాలు బయటికొస్తాయి. మూడేళ్ల పెద్దబిడ్డను ఎవరు చూస్తారు? మేకలను ఎవరు తోలుతారు? ఆసుపత్రిలో తోడుగా ఉండే మనిషికి తిండి ఎవరు పెడతారు? నాకు తెలుగు సరిగ్గా రాదు, వాళ్లు కసిరితే ఏం చేయాలి? పోయినసారి పది రోజులు ముందే తీసుకుపోయి నొప్పులు రాలేదని తిప్పి పంపారు, దారి ఖర్చు మాదే. ఒక్కో కారణం ఒక్కో తాళం లాంటిది. బలవంతం చేస్తే తాళం పగలగొట్టినట్టు. “ఆమె ఇష్టం” అని వదిలేస్తే తాళం వేసిన గదిలో మనిషిని ఉంచి పోయినట్టు. రెండూ గౌరవం అనిపించుకోవు. తాళం చెవులు వెతకడమే గౌరవం. పెద్దబిడ్డను కూడా తనతో రానివ్వాలి. తోడు వచ్చిన మనిషికి అన్నం పెట్టాలి. కోయ మాట తెలిసిన ఒకరు ఆసుపత్రి గుమ్మం దగ్గర ఉండాలి. పార్వతీపురం మన్యంలో సాలూరు దగ్గర కొండ ఊళ్ల గర్భిణులకు కాన్పుకు ముందే ఉండేందుకు వసతి గృహం నడిపారు. అలాంటివి వరద వచ్చే మండలాలన్నింటిలో వానాకాలానికి ముందే తెరవాలని అడగడం మన హక్కు. అన్నీ చేశాక కూడా ఆమె రానంటే, అప్పుడది నిజంగా ఆమె నిర్ణయం. అప్పటిదాకా అది ఆమె ఇష్టం అనడానికి మనకు అర్హత లేదు.

వరద వచ్చి పోతుంది. పోనిది ఇంకొకటి ఉంది. మా మండలాలు 2014 దాకా ఖమ్మం జిల్లా, తర్వాత తూర్పు గోదావరి, 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యాయి. కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమ గోదావరికి, అక్కడి నుంచి ఏలూరు జిల్లాకు పోయాయి. జిల్లా పేరు మారినా ఊరు ఉన్నచోటే ఉంది. పోలవరం నీటితో ఊరే కదలాలి. లక్షకు పైగా కుటుంబాలు కదలాలని ప్రభుత్వ లెక్క. వాళ్లలో కోయలు, కొండరెడ్లు ఎంతోమంది. దేవీపట్నం వైపు చాలామంది ఇప్పటికే కాలనీలకు వెళ్లారు. ఇంకా వెళ్లనివాళ్లు ప్రతి జూన్‌లో ‘ఈ ఏడు ఉంటామా, పోతామా’ అని చూస్తున్నారు.

కాలనీలో ఇల్లు సిమెంటుది కావచ్చు. ఆసుపత్రి దగ్గర కావచ్చు. అది చిన్న లాభం కాదు, ఒప్పుకోవాలి. కానీ గర్భిణి వైపు నుంచి చూడండి. పాత ఊళ్లో ఆమె గుమ్మం ముందు కూర్చుంటే పదిమంది పలకరించేవాళ్లు. వేవిళ్లతో ఉంటే పుల్లటి ఆకు తెచ్చి ఇచ్చే వదిన, నడుం నొప్పికి కాపడం పెట్టే పెద్దమ్మ, పురుడు పోసిన మంత్రసాని, అందరూ నాలుగు అడుగుల్లో ఉండేవాళ్లు. ఊరు రెండు మూడు చోట్లకు చెదిరిపోతే వాళ్లు పోతారు. పునరావాసం లెక్కల్లో ఇల్లు, భూమి, చెట్టు, పశువుల పాక ఉంటాయి. పెద్దమ్మకు నష్టపరిహారం ఉండదు. బెంగ అంటే దగ్గర లేనిదాని కోసం మనసు లాగడం అనుకున్నాం కదా. ఆ లాగుడు ఆమె బలహీనత అంటే, పోయినది ఏమీ లేదని ఒప్పుకున్నట్టే అవుతుంది.

ఇంతవరకు చెప్పింది విని, బాధంతా పరిస్థితి వల్లనే, మందు అక్కర్లేదు అనుకుంటే అది ఇంకో తప్పు. గుబులు, బెంగ ముదిరి జబ్బుగా మారవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గర్భిణుల్లో నూటికి 10 మంది, బాలింతల్లో నూటికి 13 మంది ఏదో ఒక మానసిక అనారోగ్యంతో, ఎక్కువగా డిప్రెషన్‌తో బాధపడతారు. మనలాంటి దేశాల్లో అది గర్భిణుల్లో 15 దాటి, బాలింతల్లో 20 దగ్గర ఉంటుంది. పట్నం జబ్బు అనే మాట ఇక్కడ నిలబడదు.

గుర్తులు కష్టమైనవేమీ కావు. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉండడం, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడం, నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, నేను పనికిరాను అనుకోవడం, పుట్టిన బిడ్డను ముట్టుకోబుద్ధి కాకపోవడం. చచ్చిపోతే బాగుండు అనే మాట నోట వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు, ఒంటరిగా వదలకూడదు. ‘గాలి సోకింది’ అని పూజారి దగ్గరికి తీసుకుపోతారు. ఆయన్ని ఎగతాళి చేయమని నేను చెప్పను. ఆయన దగ్గర ఆమె మాట వినేవాళ్లు, చుట్టూ కూర్చునేవాళ్లు ఉంటారు, అదీ కొంత మేలే. కానీ అక్కడితో ఆపకూడదు. ఏఎన్ఎంకు చెప్పాలి, పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. రక్తం తక్కువగా ఉన్నా, మలేరియా ఉన్నా మనిషి అట్లాగే నీరసంగా ముడుచుకుని కనిపించవచ్చు. మన వైపు వానాకాలంలో రెండూ ఎక్కువే కాబట్టి పరీక్ష తప్పనిసరి. 2022 అక్టోబరు నుంచి టెలిమానస్ ఫోను 14416 ఉంది. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. జబ్బుకు మందు వాడడం సిగ్గు కాదు. గర్భంతో ఉన్నానని వాడే మందు సొంతంగా ఆపేయడం మాత్రం ప్రమాదం, డాక్టర్ని అడిగే ఏదైనా చేయాలి.

మరి డాక్టర్లు లేని చోట ఏం చేయగలం? ఇక్కడ మనకు ధైర్యం కలిగించే సంగతులు ఉన్నాయి. జార్ఖండ్, ఒడిశాల్లో ఆదివాసులు ఎక్కువగా ఉన్న మూడు జిల్లాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ ఊరి ఆడవాళ్లతో గుంపులు కట్టించింది. వాళ్లు నెలకోసారి కూర్చుని, కథలు, బొమ్మల సాయంతో కాన్పు కష్టాల గురించి మాట్లాడుకుని, ఊళ్లో ఏం చేయాలో తామే తేల్చుకునేవాళ్లు. ఆ ఫలితాలు 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. పురిటి నెలలో పిల్లల చావులు మూడేళ్ల మీద సుమారు మూడో వంతు తగ్గాయి. తల్లుల డిప్రెషన్ విషయంలో మొదట తేడా రాలేదు. మూడో ఏటికి మాత్రం ఒక మోస్తరు డిప్రెషన్ 57 శాతం తక్కువగా కనిపించింది. అక్కడ సైకియాట్రిస్టు లేడు. పక్కింటి ఆడవాళ్లు ఉన్నారు. కొంత కాలం పట్టింది.

పాకిస్తాన్‌లో రావల్పిండి చుట్టుపక్కల పల్లెల్లో మన ఆశాల వంటి లేడీ హెల్త్ వర్కర్లకు శిక్షణ ఇచ్చి, దిగులుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపారు. వెళ్లి కూర్చుని మాట్లాడేవాళ్లు, చిన్న చిన్న పనులు కలిసి అనుకునేవాళ్లు. బిడ్డ పుట్టిన ఆరు నెలలకు ఆ ఊళ్లలో నూటికి 23 మందిలో మాత్రమే డిప్రెషన్ మిగిలింది. మామూలు పలకరింపులు మాత్రమే జరిగిన ఊళ్లలో నూటికి 53 మందిలో ఉంది. 2011 జనవరిలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పెద్ద వరద వచ్చింది. గర్భం మొదలు బాలింతతనం దాకా ఒకే మిడ్‌వైఫ్ చూసుకున్న తల్లులకు వరద బాధ తర్వాత మనోవ్యాధిగా మారడం తక్కువగా కనిపించింది. మూడు దేశాలు, మూడు రకాల మనుషులు. మూడు చోట్లా ఆమెకు దొరికింది తెలిసిన మనిషి, మళ్లీ మళ్లీ వచ్చిన మనిషి. ఇది మన మంత్రసానికి, మేనత్తకు పాతకాలం నుంచి తెలిసిన సంగతే.

అందుకని టీచర్లతో కొన్ని మాటలు చెప్పుకోవాలి. వరద వస్తే శిబిరం అయ్యేది ఎక్కువగా మన బడే. జూన్‌లో బడి తెరవగానే ఆశా, అంగన్‌వాడీ టీచరుతో కూర్చుని ఏ ఊళ్లో ఎవరికి ఏ నెలో రాసుకోవచ్చు. శిబిరం పెడితే గర్భిణులకు, బాలింతలకు మరుగుదొడ్డికి దగ్గర గది, రాత్రంతా దీపం, తలుపుకు గడియ ఉండాలి. కార్డును పాలిథిన్ కవర్లో పెట్టి మెడకో కొంగుకో కట్టుకోమని ముందే చెప్పాలి. ఒక్కో గర్భిణికి ఒక్కో మనిషిని అప్పగించాలి. ఆమె తిందా, పడుకుందా, నొప్పులున్నాయా, ఎవరిని చూడాలనుకుంటోంది, ఇవి చూడడం ఆ మనిషి పని. ఇంటర్ చదివే అమ్మాయిలు ఈ పని చక్కగా చేస్తారు.

ఇంకో కష్టమైన సంగతి ఉంది. మన బడి మానేసిన ఆడపిల్లలే కొందరు రెండేళ్లకు కడుపుతో శిబిరానికి వస్తారు. నిన్నటిదాకా మన ముందు బెంచీ మీద కూర్చున్న పిల్ల. వాళ్లను చూసి “చదువుకోమంటే విన్నావా” అనబుద్ధేస్తుంది. ఆ మాట అనవలసిన సమయం పెళ్లికి ముందు ఉంది. అప్పుడు తల్లిదండ్రులతో గట్టిగా మాట్లాడి ఆపాలి. కడుపుతో ఉన్నప్పుడు అనడం ఎవరికీ పనికిరాదు.

కుర్రాళ్లకు కూడా పని ఉంది. శిబిరంలో మగవాళ్లు నీటిమట్టం మాట్లాడుకుంటూ ఒక పక్క, ఆడవాళ్లు ఇంకో పక్క ఉంటారు. భార్యకు ఏం భయమో భర్తకు తెలియకుండానే వరద తీసేస్తుంది. అడగండి తమ్ముడూ. “ఏం కాదులే” అనకుండా “దేనికి భయం?” అని అడగండి. చెప్పినవన్నీ తీర్చలేరు. ఒక్కటి తీర్చినా ఆమె భయం ఆమె ఒక్కదానిది కాకుండా పోతుంది. తీర్చలేని వాటిని కాగితం మీద రాసి పంచాయతీకి, ఐటీడీఏకు ఇవ్వండి. రోడ్డు, పడవ, అంబులెన్సు అడిగే అర్జీలో ‘మా ఊళ్లో నెలలు నిండిన వాళ్లు ఇంతమంది’ అని రాస్తే ఆ అర్జీ బరువు వేరుగా ఉంటుంది.

మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. గర్భిణి నిమ్మళంగా ఉండడం ఆమె బాధ్యత కాదు, ఆమెకు రావలసిన బాకీ. ఆ బాకీ ఇంట్లో వాళ్లు కొంత, ఊరు కొంత, ప్రభుత్వం కొంత తీర్చాలి. మన వంతు తీర్చకుండా ఆమెను నవ్వుతూ ఉండమనడం అప్పు ఎగ్గొట్టి అప్పిచ్చినవాళ్లకే ఓర్పు నేర్పినట్టు ఉంటుంది. మంచి మాట అవసరమే. అది లైటు కట్టిన తర్వాత చెబితే పనిచేస్తుంది.

ఆ చెల్లెలికి ఆగస్టు చివర్లో చింతూరులో కాన్పయింది. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. ఆ పిల్ల తర్వాత మా అంగన్‌వాడీకే వచ్చింది. మరో వానాకాలంలో ఆమె నా దగ్గరికి వచ్చి వాళ్ల ఆడబిడ్డకు ఏడో నెల అని చెప్పింది. “నువ్వేమీ చెప్పమాక అక్కా, ముందు ఆ లైటు పనిచేస్తుందో లేదో చూడు” అంది. స్టాఫ్ రూముకు వెళ్లి చూశాం. బ్యాటరీ పోయింది. మర్నాడు సంతలో కొత్తది కొన్నాం.